రెండు టోరెంట్ క్లయింట్లు కలిపి నడిపితే డౌన్‌లోడ్ స్పీడ్ డబుల్ అవుతుందా?

"ఒక టోరెంట్ యాప్‌లో సెకనుకు 2 ఎంబీ వస్తోంది. అదే ఫైల్‌ని పక్కన ఇంకో యాప్‌లో కూడా పెడితే 4 ఎంబీ రావాలి కదా?" బీటెక్ హాస్టల్‌లో ఒక్క సెమిస్టర్ ఉన్నా సరే, ఈ మాట మీ చెవిన పడే ఉంటుంది. కొందరు రెండుతో ఆగరు. క్యూబిట్‌టోరెంట్, డెల్యూజ్, మ్యూటోరెంట్ మూడూ ఒకేసారి ఓపెన్ చేసి, మూడు ప్రోగ్రెస్ బార్లు చూసుకుంటూ కూర్చుంటారు.

సూటిగా చెప్పేస్తా. ఒకే నెట్ లైన్ మీద, ఒకే ఫైల్‌ని రెండు క్లయింట్లలో పెడితే స్పీడ్ పెరగదు. చాలాసార్లు ఫైల్ ఇంకా లేటుగా వస్తుంది, డేటా మాత్రం రెండింతలు ఖర్చవుతుంది. ఎందుకో తెలిస్తే, మీ డౌన్‌లోడ్ నిజంగా ఎక్కడ ఆగుతోందో కూడా మీకే అర్థమవుతుంది. అందుకే కొంచెం లోపలికి వెళ్లి చూద్దాం.

ముందుగా ఇది ఎవరికి ముఖ్యమో చెప్తా. మానేరు వంతెనకు అటు సిరిసిల్ల, ఇటు మా తంగళ్ళపల్లి. జియో వచ్చింది 2016 సెప్టెంబర్ 5న, రాజన్న సిరిసిల్ల జిల్లా ఏర్పడింది అదే ఏడాది అక్టోబర్ 11న. అంటే మా జిల్లా వయసు, మా దిక్కు చవక డేటా వయసు దాదాపు ఒకటే. అయినా ఇప్పటికీ ఇంట్లో ఫైబర్ లేనివాళ్లు చాలామందే. రోజుకు 1.5 జీబీ, 2 జీబీ ప్యాక్, ఫోన్ హాట్‌స్పాట్, దానికి కట్టిన ల్యాప్‌టాప్. ల్యాబ్ కోసం ఉబుంటు 24.04 వేసుకోవాలంటే ఐఎస్ఓ ఫైల్ దాదాపు 6 జీబీ. ఇక్కడ "రెండు క్లయింట్ల చిట్కా" అంటే సరదా కాదు, మూడు రోజుల డేటా.

ఈ నమ్మకం ఎక్కడి నుంచి వచ్చింది?

నా అంచనా ప్రకారం ఇంటర్నెట్ డౌన్‌లోడ్ మేనేజర్ నుంచి. మనందరికీ తెలిసిన ఐడీఎం. మామూలు బ్రౌజర్ సర్వర్‌తో ఒక కనెక్షన్ పెట్టుకుని ఫైల్ మొత్తం తెచ్చుకుంటుంది. ఐడీఎం అదే ఫైల్‌ని భాగాలుగా చేసి 8 కనెక్షన్లు, కావాలంటే 32 దాకా కనెక్షన్లు పెడుతుంది. సర్వర్ ఒక్కో కనెక్షన్‌కి ఇంత స్పీడే అని లిమిట్ పెట్టినప్పుడు, ఎక్కువ కనెక్షన్లు పెడితే నిజంగానే ఫాస్ట్‌గా వస్తుంది. అది కళ్లతో చూసినవాళ్లకి "ఎన్ని ఎక్కువైతే అంత ఫాస్ట్" అని మనసులో పడిపోయింది.

కానీ టోరెంట్ పుట్టిందే ఆ పని చేయడానికి. 2001లో బ్రామ్ కోహెన్ బిట్‌టోరెంట్ ప్రొటోకాల్ తయారు చేసినప్పుడే ఫైల్‌ని ముక్కలు చేసి, ఒక్కో ముక్క ఒక్కో మనిషి దగ్గర నుంచి తెచ్చుకునేలా రాశాడు. మీ ఒక్క క్లయింట్ ఇప్పటికే పదుల మంది పీర్లతో మాట్లాడుతోంది. క్యూబిట్‌టోరెంట్‌లో మామూలుగా ఉండే సెట్టింగే ఒక టోరెంట్‌కి 100 కనెక్షన్లు, అన్నీ కలిపి 500. ఇంకో క్లయింట్ తెచ్చి మీరు కొత్తగా ఇచ్చేదేమీ లేదు.

ఇంకో విషయం. క్యూబిట్‌టోరెంట్, డెల్యూజ్, ఆండ్రాయిడ్‌లో లిబ్రెటోరెంట్, ఈ మూడింటి లోపల నడిచే ఇంజిన్ ఒకటే. దాని పేరు లిబ్‌టోరెంట్. బయట రంగు వేరు, బటన్లు వేరు, లోపల మాత్రం అదే కోడ్. "ఇది స్లోగా ఉంది, అది కూడా పక్కన పెడదాం" అనుకుంటే చాలాసార్లు మీరు అదే ఇంజిన్‌ని రెండోసారి స్టార్ట్ చేస్తున్నారన్నమాట.

సింపుల్ లెక్క వేద్దాం

ముందు ఒక గందరగోళం తీరుద్దాం. నెట్ ప్లాన్‌లో రాసేది మెగాబిట్లు, యాప్‌లో కనిపించేది మెగాబైట్లు. 8 బిట్లు కలిస్తే ఒక బైట్. 40 ఎంబీపీఎస్ ప్లాన్ అంటే సెకనుకు గరిష్ఠంగా 5 ఎంబీ, 100 ఎంబీపీఎస్ అంటే 12.5 ఎంబీ. "100 ప్లాన్ తీసుకుంటే యాప్‌లో 11 చూపిస్తోంది, మోసం" అని బాధపడకండి. అది కరెక్టే.

ఇప్పుడు 40 ఎంబీపీఎస్ లైన్ మీద 6 జీబీ ఐఎస్ఓ. సీడర్లు బాగానే ఉన్నారు, లైన్ ఫుల్‌గా నడుస్తోంది అనుకుందాం.

ఒకే క్లయింట్ అయితే సెకనుకు 5 ఎంబీ చొప్పున 1200 సెకన్లు, అంటే 20 నిమిషాలు. ఖర్చయ్యే డేటా 6 జీబీ.

రెండు క్లయింట్లు అయితే లైన్ అదే కాబట్టి ఒక్కోదానికి సెకనుకు 2.5 ఎంబీ. ఒక్కోటి 6 జీబీ పూర్తి చేయడానికి 40 నిమిషాలు. ఖర్చయ్యే డేటా 12 జీబీ. చివరికి మీ దగ్గర ఉండేది ఒకే ఫైల్ రెండు కాపీలు.

రెండు విండోల స్పీడ్‌లు కూడి "2.5 ప్లస్ 2.5, ఐదు వస్తోంది" అనుకుంటే లాభం కనిపిస్తుంది. కానీ ఆ రెండూ వేర్వేరు ముక్కలు పంచుకుని తెస్తున్నవి కావు. ఒకదాని దగ్గర ఏ ముక్క ఉందో ఇంకోదానికి తెలియదు. 256 కేబీ ముక్కల లెక్కన ఆ ఐఎస్ఓలో దాదాపు 23 వేల ముక్కలుంటాయి. రెండు క్లయింట్లూ విడివిడిగా ఆ 23 వేలూ తెచ్చుకోవాల్సిందే.

మా సిరిసిల్ల భాషలో చెప్పాలంటే, సేటు దగ్గర నుంచి వచ్చే నూలు అంతే ఉన్నప్పుడు ఆసామి ఇంకో రెండు సాంచాలు బిగించినంత మాత్రాన బట్ట ఎక్కువ రాదు. ఉన్న నూలే పంచుకుని, ప్రతి సాంచా సగం పనితో ఆగుతుంది. ఇక్కడ నూలు మీ లైన్, సాంచాలు మీ క్లయింట్లు.

రోజుకు 2 జీబీ ప్యాక్ మీద ఇది ఇంకా దెబ్బ. ఒక క్లయింట్‌తో మూడు రోజుల్లో పూర్తయ్యేది, రెండింటితో ఆరు రోజులు పడుతుంది. ఎందుకంటే రోజూ ఒక్కోదానికి ఒక జీబీయే దక్కుతుంది. ప్యాక్ అయిపోయాక చాలా ప్లాన్లలో స్పీడ్ 64 కేబీపీఎస్‌కి పడిపోతుంది. ఆ స్పీడ్‌లో 6 జీబీ రావాలంటే దాదాపు తొమ్మిది రోజులు.

అసలు దెబ్బ అప్‌లోడ్ దగ్గర

"నా లైన్ 100 ఎంబీపీఎస్, టోరెంట్ మాత్రం సెకనుకు 1 ఎంబీయే ఇస్తోంది. లైన్ ఖాళీగానే ఉంది కదా, ఇప్పుడు రెండో క్లయింట్ పెడితే?" ఇది మంచి ప్రశ్న. జవాబు కోసం పీర్లు ఒకరికొకరు ఎలా ఇచ్చుకుంటారో చూడాలి.

బిట్‌టోరెంట్‌లో రూల్ చాలా సింపుల్. నువ్వు నాకిస్తే నేను నీకిస్తా. ప్రతి క్లయింట్ దాదాపు 10 సెకన్లకోసారి లెక్క చూసుకుంటుంది. తనకు ఎక్కువ స్పీడ్‌తో ఇస్తున్నది ఎవరో చూసి వాళ్లకే తిరిగి ఇస్తుంది, మిగిలినవాళ్లని ఆపి పెడుతుంది. ప్రొటోకాల్ అసలు పత్రంలో ఆ సంఖ్య నాలుగు. కొత్తవాళ్లకి అవకాశం రావాలి కాబట్టి 30 సెకన్లకోసారి ఒకరిని ఊరికే ఎంచుకుని కాసేపు ఇచ్చి చూస్తుంది. అంటే ఈ సంతలో మీ అప్‌లోడే మీ డబ్బు.

మొబైల్ నెట్‌లో అప్‌లోడ్ సాధారణంగా డౌన్‌లోడ్ కంటే చాలా తక్కువ. ఆ కొంచెం అప్‌లోడ్‌ని రెండు క్లయింట్లకి పంచితే ఒక్కోటి సగం డబ్బుతో సంతకెళ్లినట్టు. నాలుగు మంచి స్లాట్ల కోసం పోటీలో ఒక్క బలమైన క్లయింట్ గెలిచే చోట, రెండు బలహీనమైనవి బయటే నిలబడతాయి. వాటిలో ఒకదానికి ఎక్కడో అదృష్టవశాత్తు ఒక స్లాట్ దొరికినా, అక్కడి నుంచి వచ్చిన ముక్క రెండోదానికి చేరదు.

ఇక్కడే ఒక హెచ్చరిక కూడా. టోరెంట్‌లో మీరు డౌన్‌లోడ్ చేసుకుంటూనే అదే ఫైల్‌ని వేరేవాళ్లకి పంచుతున్నారు. ఉబుంటు, డెబియన్, లిబ్రెఆఫీస్, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో కాపీరైట్ తీరిన పుస్తకాలు, వీటికి టోరెంట్ ఇచ్చేదే పంచమని. నిన్న రిలీజైన సినిమా అయితే మీరు చూసేవాళ్లే కాదు, పంచేవాళ్లు కూడా. కాపీరైట్ చట్టం ముందు ఈ రెండూ ఒకటి కావు.

ఒకే ఐపీ, ఒకే పోర్ట్

మీ ఇంట్లో ఎన్ని క్లయింట్లు నడిపినా బయటి ప్రపంచానికి కనిపించే ఐపీవీ4 అడ్రస్ ఒకటే. చాలా క్లయింట్లు ఒక ఐపీ నుంచి ఒక టోరెంట్‌కి ఒక్క కనెక్షనే ఒప్పుకుంటాయి. క్యూబిట్‌టోరెంట్ అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో ఒకే ఐపీ నుంచి ఎక్కువ కనెక్షన్లు అనుమతించే ఆప్షన్ ఉంది, కానీ అది మామూలుగా ఆఫ్‌లోనే ఉంటుంది. పైగా అది ఎదుటివాళ్ల దగ్గర ఆన్‌లో ఉండాలి, మీ దగ్గర కాదు. మీ మొదటి క్లయింట్‌తో మాట్లాడుతున్న పీర్ రెండోదాన్ని గుమ్మం దగ్గరే ఆపేస్తాడు.

పోర్ట్ గొడవ కూడా ఉంది. రెండు క్లయింట్లూ ఒకే పోర్ట్ నంబర్ అడిగితే, ముందు ఓపెన్ చేసినదానికే అది దక్కుతుంది. మీరు రౌటర్‌లో ఒక పోర్ట్ మాత్రమే ఫార్వర్డ్ చేసి ఉంటే, రెండోది బయటి నుంచి వచ్చే కనెక్షన్లు అందుకోలేదు.

ఇక కొందరు చేసే పని, రెండు క్లయింట్లకీ ఒకే ఫోల్డర్ చూపించడం. "రెండూ కలిసి ఒకే ఫైల్ నింపుతాయి" అని ఆశ. అలా జరగదు. ఏ ముక్కలు వచ్చాయనే లెక్క ప్రతి క్లయింట్ తన దగ్గరే రాసుకుంటుంది, పక్కవాడు డిస్క్ మీద రాసింది దానికి తెలియదు. విండోస్‌లో అయితే ఫైల్ వాడుకలో ఉందని ఎర్రర్ కూడా రావచ్చు. ఒక క్లయింట్ నుంచి ఇంకోదానికి మారాలంటే పద్ధతి వేరే ఉంది. మొదటిదాన్ని ఆపండి, రెండోదాంట్లో అదే టోరెంట్‌ని అదే ఫోల్డర్‌తో యాడ్ చేసి ఫోర్స్ రీచెక్ కొట్టండి. ప్రతి ముక్కనీ హ్యాష్‌తో సరిచూసుకుని, ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి మొదలవుతుంది.

"మరి నాకు నిజంగానే పెరిగింది కదా?"

పెరిగినట్టు కనిపించే సందర్భాలు మూడున్నాయి.

ఒకటి, మొదటి క్లయింట్‌లోనే ఏదో తేడా ఉంది. స్పీడ్ లిమిట్ పెట్టి మరిచిపోయారు, లేదా డీహెచ్‌టీ ఆఫ్ అయి పీర్లు దొరకడం లేదు. రెండోది ఫ్రెష్ సెట్టింగ్స్‌తో వచ్చింది కాబట్టి పరిగెత్తింది. అలాంటప్పుడు రెండోదాన్నే ఉంచుకుని మొదటిది తీసేయండి. రెండూ కలిపి నడపాల్సిన పని లేదు.

రెండు, టైమ్ కలిసొచ్చింది. టోరెంట్ మొదటి నిమిషంలో ఎప్పుడూ నెమ్మదే, పీర్లు దొరికే కొద్దీ పెరుగుతుంది. మీరు విసుగొచ్చి రెండోది ఓపెన్ చేసే సరికి అది ఎలాగూ పెరిగే టైమ్.

మూడోది కొంచెం ఇబ్బందికరం. నెట్ లైన్ నిండినప్పుడు బ్యాండ్‌విడ్త్ స్థూలంగా కనెక్షన్ల లెక్కన పంచుకోబడుతుంది, మనుషుల లెక్కన కాదు. మీరు కనెక్షన్లు రెట్టింపు చేస్తే, మీకు పెరిగిన స్పీడ్ ఆకాశం నుంచి రాలేదు. అదే వైఫై మీద ఉన్న చెల్లె ఆన్‌లైన్ క్లాస్ నుంచో, అన్న ఆఫీస్ వీడియో కాల్ నుంచో వచ్చింది. చవక రౌటర్ అయితే వందల కనెక్షన్లు ఒకేసారి మోయలేక హ్యాంగ్ అయి, అందరికీ నెట్ పోతుంది.

స్పీడ్ నిజంగా ఎక్కడ ఆగుతుంది?

ఇప్పుడు పనికొచ్చే భాగం. ఈ వరుసలోనే చెక్ చేసుకోండి.

1. సీడర్లు: పూర్తి ఫైల్ ఉన్నవాళ్లు ఇద్దరే ఉంటే, వాళ్ల అప్‌లోడ్ ఎంతో మీ స్పీడ్ అంతే. ఏ సెట్టింగ్ మార్చినా లాభం లేదు. 99 శాతం దగ్గర ఆగిపోతే ఆఖరి ముక్క ఉన్నవాళ్లు ఆన్‌లైన్‌లో లేరేమో చూడండి. ఉబుంటు లాంటివైతే అధికారిక సైట్‌లో ఉన్న టోరెంటే తీసుకోండి, అక్కడ సీడర్ల కొరత ఉండదు.

2. సీజీనాట్: మొబైల్ నెట్‌లో, చాలా లోకల్ బ్రాడ్‌బ్యాండ్‌లలో ఒక పబ్లిక్ ఐపీని ఎంతోమందికి పంచుతారు. రౌటర్ పేజీలో వ్యాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు దాని వెనకే ఉన్నారు. అప్పుడు ఐపీవీ4లో బయటివాళ్లు మీ దగ్గరికి రాలేరు, మీరే వాళ్ల దగ్గరికి వెళ్లాలి. పరిచయాలు సగానికి తగ్గినట్టే. మీ నెట్‌లో ఐపీవీ6 ఉంటే రౌటర్‌లో, క్లయింట్‌లో అది ఆన్‌లో ఉందో లేదో చూడండి. చాలామందికి ఇదొక్కటే తేడా చూపిస్తుంది.

3. అప్‌లోడ్ లిమిట్: అన్‌లిమిటెడ్‌గా వదలకండి, సున్నాకి దగ్గరగా కూడా పెట్టకండి. అప్‌లోడ్ మొత్తం నిండిపోతే, "డేటా అందింది" అని మీ సిస్టమ్ పంపే చిన్న చిన్న జవాబులు కూడా ఆ క్యూలో ఇరుక్కుని డౌన్‌లోడ్ పడిపోతుంది. స్పీడ్ టెస్ట్‌లో వచ్చిన అప్‌లోడ్‌లో 70 నుంచి 80 శాతం దగ్గర పెట్టి చూడండి.

4. వైఫై: రౌటర్ హాల్లో, మీరు మేడ మీద గదిలో ఉంటే ముందు కేబుల్ పెట్టి టెస్ట్ చేయండి. కేబుల్ కుదరకపోతే 5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌కి మారి, రౌటర్‌కి దగ్గరగా కూర్చోండి.

5. ఫోన్: బ్యాటరీ ఆప్టిమైజేషన్ ఆన్‌లో ఉంటే స్క్రీన్ ఆఫ్ కాగానే ఆండ్రాయిడ్ మీ టోరెంట్ యాప్‌ని నిద్రపుచ్చుతుంది. ఆ ఒక్క యాప్‌కి మినహాయింపు ఇవ్వండి. ఎస్‌డీ కార్డ్ ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైల్ అసలు సేవ్ కాదు. 6 జీబీ ఐఎస్ఓ మధ్యలో ఎర్రర్ ఇస్తే తప్పు నెట్‌ది కాకపోవచ్చు.

ఒక జాగ్రత్త. "టోరెంట్ స్పీడ్ బూస్టర్" పేరుతో దొరికే యాప్‌ల జోలికి వెళ్లకండి. పైన చెప్పిన ఐదింట్లో ఒక్కటి కూడా అవి మార్చలేవు.

ఎక్కువ క్లయింట్లు పనికొచ్చే చోటు ఒకటుంది

ఒకే మెషీన్‌లో కాదు, వేర్వేరు మెషీన్లలో. హాస్టల్ రూమ్‌లో నలుగురికీ అదే ఉబుంటు కావాలి, అందరూ ఒకే వైఫై మీద ఉన్నారు అనుకోండి. విడివిడిగా సైట్ నుంచి దింపితే 24 జీబీ. అదే నలుగురూ ఒకే టోరెంట్ పెట్టి, క్లయింట్‌లో లోకల్ పీర్ డిస్కవరీ ఆన్ చేస్తే, ల్యాప్‌టాప్‌లు ఒకదాన్నొకటి గుర్తుపట్టి, ఒకరికి వచ్చిన ముక్కలు మిగిలినవాళ్లకి వైఫైలోనే ఇచ్చుకుంటాయి. ఒకే ముక్క బయటి లైన్ మీద మళ్లీ మళ్లీ రావాల్సిన అవసరం చాలావరకు తప్పుతుంది. ఇంకా పొదుపు కావాలంటే ముందు ఒకరే పూర్తి చేసి, తర్వాత మిగిలిన ముగ్గురూ మొదలుపెట్టండి.

ఆటోమేటిక్‌గా దొరక్కపోతే క్యూబిట్‌టోరెంట్ పీర్స్ ట్యాబ్‌లో యాడ్ పీర్స్ కొట్టి, ఫ్రెండ్ ల్యాప్‌టాప్ లోకల్ ఐపీ, పోర్ట్ ఇస్తే సరి. కొన్ని కాలేజీ వైఫైలలో ఒక డివైజ్ ఇంకోదాన్ని చూడకుండా బ్లాక్ చేస్తారు, అక్కడ ఇది నడవదు. అప్పుడు ఒక ఫోన్ హాట్‌స్పాట్ మీద అందరూ కనెక్ట్ అయి, ఆ ఫోన్ మొబైల్ డేటా ఆఫ్ చేసి పంచుకోవచ్చు. ప్యాక్ నుంచి ఒక్క ఎంబీ కూడా పోదు.

నమ్మకం లేదా? మీరే టెస్ట్ చేయండి

నా మాట మీద నమ్మక్కర్లేదు. డేటా లిమిట్ లేని లైన్ ఉన్న రోజు, సీడర్లు ఎక్కువున్న ఏదైనా లైనక్స్ ఐఎస్ఓ తీసుకోండి. ఒకే క్లయింట్‌తో మొదలుపెట్టి పూర్తయ్యే దాకా ఎంత టైమ్ పట్టిందో రాసుకోండి. ఫైల్ డిలీట్ చేసి, అదే టైమ్‌లో మరుసటి రోజు రెండు క్లయింట్లతో వేర్వేరు ఫోల్డర్లలో పెట్టండి. స్పీడ్ మీటర్ చూడకండి, మొదటి పూర్తి ఫైల్ ఎన్ని నిమిషాలకి వచ్చిందో చూడండి. పక్కనే విండోస్ డేటా యూసేజ్‌లో ఎన్ని జీబీలు ఖర్చయ్యాయో కూడా చూడండి. ఈ రెండు నంబర్లు చాలు.

చివరగా ఒక్క మాట. స్పీడ్ పెంచుకోవాలంటే ఇంకో క్లయింట్ కాదు, ఇంకో సీడర్ కావాలి. ఆ సీడర్ మీరే కావచ్చు. ఉబుంటు దిగాక వెంటనే క్లోజ్ చేయకుండా, ఫైబర్ ఉన్నవాళ్లు రాత్రంతా సీడ్‌లో వదిలేయండి. అవతల ఎక్కడో 2 జీబీ ప్యాక్ మీద రేపటి ల్యాబ్ కోసం ఎదురుచూసే ఇంకో స్టూడెంట్‌కి, మీరు వదిలిన ఆ ఒక్క కనెక్షనే నిజమైన బూస్టర్.